సమస్య: “గాలి లేకున్న రెక్కలే కావలయును”

నిర్వాహకుడు: మసిబొగ్గు గారు ఒక సినిమా కోసం గ్రహాంతరవాసుల నౌకలు గీస్తున్నారు. మొన్న చిత్తు బొమ్మలు చూపించారు. నాలుగింటికీ రెక్కలే! శూన్యంలో రెక్కలేమిటని నవ్వుకుంటుంటే ఈ పాదం దానంతట అదే ఊడిపడింది. దీన్నే చివరి పాదంగా పెట్టి, అర్థం కుదిరేలా తేటగీతి పద్యం పూరించాలి. కానివ్వండి.

మసిబొగ్గు: నవ్వు నా మీదే కనుక మొదటి పూరణా నాదే.

చిత్రకారుని జూచుచు జెప్పె నిట్లు
నౌక యనిపింప జూపర నయనములకు
ఎగురుచున్నట్టు తోపక యేమి ఫలము?
గాలి లేకున్న రెక్కలే కావలయును

చెప్పినవాడు దర్శకుడు. నిజంగానే చెప్పాడు.

గురులఘువు: ‘నౌ–న’ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ అక్షరం) హాయిగా పడింది. పూరణ మాత్రం దొడ్డిదారి. ఎవరో అన్నారని చెబితే ఏ అసంబద్ధమైనా చెల్లుతుంది. పైగా ‘లేకపోతే’ అని అర్థమిచ్చే ‘లేకున్న’ను ‘లేకపోయినా’ అని లాగారు. అప్పుడు ‘రెక్కలే’లోని ఏకారానికి, అంటే నొక్కిచెప్పే ‘ఏ’కు, పని లేదు. అయినా ఫరవాలేదు, పోయినసారి తోకచుక్క గారిలా ‘త’కు ‘ట’తో యతి వేయలేదు.

తోకచుక్క: అది టైపు తప్పని అప్పుడే మనవి చేశాను.

గురులఘువు: టైపు తప్పు మూడు పాదాల్లోనూ పడిందా?

కొత్తకలం: పెద్దలు మన్నించాలి.

కాంతి తాకిన చాలును గదలి పోవు
వెండి పొరవోలె పలుచని వింత తెరలు
ఇంధనము లేక సాగెడి యింత పడవకు
గాలి లేకున్న రెక్కలే కావలయును

2010లో జపాన్ పంపిన ఇకరోస్ అనే అంతరిక్ష నౌక నా ఆధారం. పద్నాలుగు మీటర్ల చదరపు తెర, మందం మిల్లీమీటరులో నూరోవంతు కూడా లేదు. సూర్యకాంతి తోపుడుతోనే వేగం మార్చుకుంది.

తోకచుక్క: ఊహ బాగుంది. మూడో పాదం చివర ‘పడవకు’ నలమై (నాలుగు లఘువులు, అంటే పొట్టి అక్షరాలై) కూర్చుంది. అక్కడ సూర్యగణం (ఒక గురువు, ఒక లఘువు; లేదా మూడు లఘువులు) కదా ఉండాలి. ‘యింత’ తీసి ‘యీ పడవకు’ అనండి, ‘డవకు’ మూడు లఘువుల నగణమై సర్దుకుంటుంది. యతీ చెడదు.

కొత్తకలం: ధన్యవాదాలండీ. వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టాను, రెండుసార్లూ ఆ ‘కు’ తప్పించుకుంది.

గురులఘువు: సవరణ సరైనదే, ఒప్పుకుంటున్నాను. ఇక నాది:

వేడి పోవగ మార్గము వేరు లేదు
కిరణ రూపాన వెడలుటే కీలక మగు
పలక పలకగ వెలుపల పరచి నిలుప
గాలి లేకున్న రెక్కలే కావలయును

గాలి ఉంటే అదే వేడిని మోసుకుపోయేది. లేదు కనుకనే వేడిని కిరణాలుగా వెదజల్లే పలకలు, అవే రెక్కలు! అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అమ్మోనియా ఆ వేడిని మోసి పలకలకు అందిస్తుంది. స్పేస్ షటిల్‌కైతే సరకు గది తలుపుల లోపలివైపునే ఆ పలకలు ఉండేవి. కక్ష్య చేరగానే తలుపులు తెరవాల్సి వచ్చేది. అన్నట్టు తోకచుక్క గారు పోయినసారి నున్నటి గోళాకారపు నౌకను వర్ణించారు. అదే ఘనపరిమాణానికి అన్నిటికన్నా తక్కువ ఉపరితలం గోళానిదే, అంటే వేడి పోయే చోటూ తక్కువే. లోపలివాళ్ళు ఉడికిపోయి ఉంటారు, పాపం.

నిర్వాహకుడు: ‘లేకున్న’కూ ఏకారానికీ రెండింటికీ పని దొరికింది. మూడో పాదం అన్నీ లఘువులే. పలకలు ఒకదాని పక్కన ఒకటి విచ్చుకున్నట్టే ఉంది.

తోకచుక్క: ‘రూపాన’ అట, వాడుక మాట! మనలో గ్రాంథికం కాపలాదారు వారే కదా?

మసిబొగ్గు: గురులఘువు గారూ, మీ రెక్కల కథ సినిమాలో అడ్డం తిరిగింది. 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లోని డిస్కవరీ నౌకకు తొలి నమూనాల్లో వేడి పలకలున్నాయి. చూసేవాళ్ళు రెక్కలనుకుంటారని తీసేశారు. మా దర్శకుడేమో రెక్కలనుకోవాలనే పెట్టమంటాడు. నా తిప్పలు వేరు. అరచేయంత బొమ్మ మీద సూదిమొనంత కిటికీలు పెడితే నౌక కొండంతవుతుంది. అవే కాస్త పెద్దవైతే బస్సవుతుంది. నిన్నంతా కిటికీలు చెరుపుతూనే ఉన్నాను.

తోకచుక్క: నా గోళాన్ని వెక్కిరించారుగా, ఇదీ జవాబు:

గుండ్ర నౌకను నిందించు గురువు గారు
వేడి యెటుపోవు ననుచును వెక్కిరింప
ముడిచి దాచితి లోపల మునుపె వాని
గాలి లేకున్న రెక్కలే కావలయును

కొత్తకలం: ‘గురువు గారు’! ఎవరో తెలిసిపోతోందండీ.

గురులఘువు: పద్యం దిట్టంగా ఉంది, కాదనను. కానీ పోయినసారి మీ రెండో పాదంలో ఆ గోళానికి ‘అతుకు లేదు, తలుపు లేదు’ అని వ్రాసుకున్నారు. రెక్కలు ఎటు నుంచి బయటికి తీశారు?

మసిబొగ్గు: ఆగండి, దాన్ని గీసి చూస్తాను.