ప్రతి ఛార్జ్‌నీ తూచాలా, పౌడర్ మెజర్‌ను నమ్మాలా?

కొత్త_బెంచి:
రైఫిల్ తూటాలు ఇంట్లో రీలోడ్ చేసుకోవడం (కాల్చేసిన ఖాళీ కేసులో, అంటే ఇత్తడి గొట్టంలో, నిప్పు అంటించే ప్రైమర్, పౌడర్, బుల్లెట్ మళ్లీ పెట్టడం) మొదలుపెట్టి ఏడాది అయింది. తూచకుండా పరిమాణం లెక్కన పౌడర్ పోసే, తిరిగే డ్రమ్ ఉన్న మామూలు పౌడర్ మెజర్ వాడుతున్నాను, పది ఛార్జ్‌లకి (ఛార్జ్ అంటే ఒక తూటాలో పోసే పౌడర్) ఒకటి తూచి చూసుకుంటున్నాను. నిన్న మాత్రం వరసగా 30 ఛార్జ్‌లు పోసి ఒక్కొక్కటీ తూచాను. 42.0 గ్రెయిన్లకి (పౌడర్ తూచే చిన్న బరువు కొలత) సెట్ చేస్తే కింద 41.7 నుంచి పైన 42.3 దాకా వచ్చాయి. పౌడర్ చిన్న చిన్న పుల్లల్లా ఉండే రకం. నాతో షూట్ చేసేవాళ్లలో ఒకరు ప్రతిదీ తూచాల్సిందే అంటారు, ఇంకొకరు 100 గజాల దగ్గర ఆ తేడా టార్గెట్ మీద కనిపించనే కనిపించదు అంటారు. ఇద్దరూ నాకంటే బాగా కొట్టేవాళ్లే. ఎవరి మాట వినాలి?

వెయ్యి_గజాలు:
తూచండి. ప్రతి ఒక్కటీ. మీ మెజర్‌లో అటూ ఇటూ కలిపి 0.6 గ్రెయిన్ తేడా ఉంది. నా రైఫిల్లో దాదాపు ఇంతే ఛార్జ్‌కి 0.1 గ్రెయిన్ మారితే వేగం సెకనుకి 5, 6 అడుగులు మారుతుంది. ఆ లెక్కన పౌడర్ వల్లే మీకు 30 అడుగుల పైన తేడా వస్తుంది. కేసుల లోపలి పరిమాణం, ప్రైమర్లు, కేసు మెడ బుల్లెట్‌ని పట్టుకునే బిగువు, వీటివల్ల వచ్చే తేడాలు దాని మీద అదనం. 1000 గజాల దగ్గర 20 అడుగుల వేగం తేడా అంటేనే బుల్లెట్ సుమారు అరడుగు కిందో మీదో పడుతుంది. గాలి ఎటూ మన చేతిలో లేదు. చేతిలో ఉన్నదాన్ని కూడా వదిలేస్తే ఎలా?

నేను మెజర్‌తో కావాలనే 0.3 తక్కువ పోసి, మిగతాది ట్రిక్లర్‌తో (పౌడర్‌ని కొద్దికొద్దిగా రాల్చే పరికరం) గింజ గింజ వేసుకుంటాను. ఆ రకం పౌడర్‌లో ఒక పుల్ల బరువు దాదాపు 0.02 గ్రెయిన్ ఉంటుంది, అంటే నాలుగైదు పుల్లలకి 0.1 అయిపోతుంది.

డ్రమ్ము_చప్పుడు:
వెయ్యి_గజాలు గారూ, మీరు చెప్పింది 1000 గజాలకి నిజం. కానీ ఆయన ఎంత దూరం కొడుతున్నారో అడగకుండానే ప్రతిదీ తూచమంటున్నారు. 100, 200 గజాల బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ని బల్ల మీద ఆనించి కాల్చే) పోటీల్లో తరతరాలుగా మెజర్‌తోనే పోస్తున్నారు, మ్యాచ్ జరుగుతుండగా రేంజ్‌లోనే టేబుల్ మీద పెట్టుకుని, తూకం కూడా కాదు, మెజర్ మీది గీతల లెక్కతో. అక్కడ గెలిచే గ్రూపుల్లో (వరసగా కాల్చినవి టార్గెట్ మీద పడ్డ గుంపుల్లో) రంధ్రాలన్నీ ఒకటే అయిపోతాయి. 100 గజాల దగ్గర 20 అడుగుల వేగం తేడాకి బుల్లెట్ పడే ఎత్తులో వచ్చే మార్పు సుమారు ఒక మిల్లీమీటరే.

ఇక 0.6 తేడా గురించి. అందులో సగం పౌడర్ రకం వల్ల, సగం చేతి వల్ల అని నాకనిపిస్తోంది. పుల్లల పౌడర్ డ్రమ్ అంచున ఇరుక్కుంటుంది, హ్యాండిల్ తిప్పితే కరకరమని తెగుతుంది, ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా ఛార్జ్ మారుతుంది. అదే గుండ్రటి గింజల పౌడర్ నీళ్లలా జారుతుంది, మంచి మెజర్‌లో 0.1 అటూ ఇటూ దాటదు. కాబట్టి ముందు ఈ నాలుగు చూడండి. హాపర్ (మెజర్ పైన పౌడర్ నింపే గొట్టం) ఎప్పుడూ సగానికి పైన నిండి ఉండాలి, పైనున్న బరువు మారితే కింద డ్రమ్‌లో గింజలు సర్దుకునే తీరు మారుతుంది, అందుకే లోపల ఆ బరువుని ఆపే బాఫిల్ ప్లేటు పెడతారు. హ్యాండిల్ ప్రతిసారీ ఒకే వేగంతో ఎత్తండి, పైన ఒకే రకంగా తట్టండి, కింద కూడా అంతే. మెజర్‌ని బల్లకి గట్టిగా బిగించండి, అదే బల్ల మీద ప్రెస్ (కేసులో బుల్లెట్ నొక్కి కూర్చోబెట్టే యంత్రం) ఆడిస్తుంటే ఆ అదురుకి హాపర్‌లో పౌడర్ దిగిపోతుంది. హాపర్ నింపాక మొదటి పదీ పన్నెండు ఛార్జ్‌లు తిరిగి హాపర్‌లోనే పోసేయండి, అప్పటికిగానీ అది కుదురుకోదు.

పాత_తక్కెడ:
ఇద్దరూ స్కేల్ చెప్పిందే సత్యం అనుకుని వాదిస్తున్నారు. నా అనుభవం చెప్తాను. మూడేళ్ల క్రితం లోడ్‌సెల్ (బరువుని పసిగట్టే సెన్సర్) ఉన్న చిన్న డిజిటల్ స్కేల్‌తో రెండు గంటలు కూర్చుని 100 తూటాలు చేశాను, ప్రతిదీ తూచి. చివర్లో అనుమానం వచ్చి చెక్ వెయిట్ (కచ్చితమైన బరువు తెలిసిన దిమ్మ) పెడితే 0.4 గ్రెయిన్ తక్కువ చూపిస్తోంది. ఎక్కడ జారడం మొదలుపెట్టిందో తెలీదు, ఏ తూటాలో ఎంత ఉందో తెలీదు. ఆ వందా బుల్లెట్ పుల్లర్‌తో ఊడదీశాను. "ప్రతిదీ తూచాను" అన్న ధైర్యంతో వాటిని అలాగే కాల్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

డిజిటల్ స్కేల్‌ని అరగంట ముందే ఆన్ చేసి వేడెక్కనివ్వండి. ఫ్యాన్, ఏసీ గాలి తగలకూడదు. ఫోన్ పక్కన పెట్టుకోవద్దు. మీ ఛార్జ్‌కి దగ్గర బరువున్న చెక్ వెయిట్ ఒకటి పెట్టుకుని ప్రతి ఇరవైకీ ఒకసారి చూడండి. ఖాళీ పాన్ ఎత్తితే కనిపించే మైనస్ అంకె కాగితం మీద రాసుకోండి, పని మధ్యలో అది మారిందంటే ఆగిపోండి. ఇంకో మాట, 0.1 చూపించే స్కేల్‌లో 42.0 అంటే 41.95కీ 42.05కీ మధ్య ఏదైనా కావచ్చు, అదీ స్కేల్ మంచిదైతే. గ్రెయిన్ అంటేనే 65 మిల్లీగ్రాములు, అందులో పదో వంతు కొలుస్తున్నామన్న సంగతి మర్చిపోతాం. నేను మళ్లీ బీమ్ స్కేల్‌కే (ముల్లున్న పాత రకం తక్కెడ) వచ్చేశాను. నెమ్మదే, కానీ బల్ల కదలకుండా ఉండి సున్నా సరిచూసుకుంటే చాలు. ముల్లుకి సరిగ్గా ఎదురుగా కళ్లు పెట్టి చూడాలి, పైనుంచి చూస్తే తప్పు చదువుతాం.

పిస్టల్_వాడు:
రైఫిల్ వాళ్లు 0.1 గురించి కొట్టుకుంటున్నారు, మా దగ్గర భయం వేరు. పిస్టల్ తూటాలో 4, 5 గ్రెయిన్ల ఛార్జ్ ఉంటుంది, అక్కడ 0.1 అంటేనే రెండు శాతం. అంతకంటే పెద్ద ప్రమాదం ఏంటంటే, చాలా పౌడర్లు కేసులో సగం కూడా రావు, పొరపాటున రెండోసారి పోసినా పొంగిపోవు, మీకు తెలీను కూడా తెలీదు. రెండు రెట్లు పడితే తుపాకీ పగిలిపోతుంది. అసలు పడకపోతే ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ని బ్యారెల్‌లోకి తోసి అక్కడ ఇరికిస్తుంది, దాని వెనక ఇంకోటి కాలిస్తే అంతే. అందుకని బుల్లెట్ పెట్టే ముందు ప్రతి కేసులోకీ లైట్ వేసి చూస్తాను, యాభై కేసులు లోడింగ్ బ్లాక్‌లో (కేసులు నిలబెట్టే గుంటల పలక) పక్కపక్కన ఉంటే ఎత్తు తేడా కంటికి కొడుతుంది. వీలైతే కేసు సగం కంటే ఎక్కువ నింపే పౌడర్ ఎంచుకోండి, డబుల్ పడితే బయటికి పొంగాలి.

బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉండాలి. పని అయ్యాక హాపర్‌లో మిగిలింది అదే డబ్బాలోకి పోయాలి. రాత్రంతా వదిలేస్తే హాపర్ ప్లాస్టిక్ పాడవుతుంది, తెల్లారి అందులో ఉన్నది ఏ పౌడరో అన్న సందేహమూ వస్తుంది. సందేహం వస్తే అది పారేయాల్సిందే.

డ్రమ్ము_చప్పుడు:
పిస్టల్ గారితో ఏకీభవిస్తాను. తూకం సంగతికొస్తే, ఒక సులువు ఉంది. పది ఛార్జ్‌లు ఒకే పాన్‌లో పోసి మొత్తం తూచి పదితో భాగిస్తే స్కేల్ అంకెని గుండ్రం చేయడంలో వచ్చే తప్పు కూడా పదో వంతు అవుతుంది.

వెయ్యి_గజాలు:
అది మెజర్‌ని సెట్ చేయడానికి మాత్రమే, అన్నా. 41.7 ఒకటీ 42.3 ఒకటీ కలిస్తే సగటు చక్కగా 42.0 వస్తుంది, తేడా దాక్కుంటుంది. ఆయన 30 విడివిడిగా తూచారు కాబట్టే ఈ సంగతి బయటపడింది. ఇంకోటి, ఎవరూ అనలేదు. ఆ 42.0 మీ పౌడర్ మాన్యువల్లో ఇచ్చిన గరిష్ఠానికి ఎంత దగ్గర? గరిష్ఠం దగ్గర కూర్చుని 0.3 ఎక్కువ పడితే అది గ్రూపు సైజు విషయం కాదు, తుపాకీ లోపలి ప్రెషర్ విషయం. మెజర్‌తో పోసేవాళ్లు గరిష్ఠం నుంచి ఆ తేడాకి సరిపడా కిందికి రావాల్సిందే. దీంట్లో నేను రాజీ పడను.

కొత్త_బెంచి:
అందరికీ థాంక్స్. నేను కొట్టేది ఎక్కువగా 200 గజాలు, ఎప్పుడైనా 600. మాన్యువల్ చూశాను, గరిష్ఠం 42.5 అని ఉంది, అంటే నా 42.3లు దానికి 0.2 దూరంలోనే ఉన్నాయి, ఇన్నాళ్లూ అది గమనించలేదు. సెట్టింగ్ 41.4కి దించాను. డ్రమ్ము గారు చెప్పినట్టు హాపర్ నింపి ఉంచి, ప్రెస్ వేరే బల్లకి మార్చి మళ్లీ 30 పోశాను, ఈసారి 41.2 నుంచి 41.6. చెక్ వెయిట్ లేదు నా దగ్గర, అది వచ్చేదాకా కొత్త తూటాలు చేయను. 200 గజాలకి మెజర్‌తోనే పోస్తాను, 600కి చేసేవి తూస్తాను. రెండు రకాలూ ఇరవై ఇరవై చొప్పున క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) మీద కాల్చి వేగాలు ఇక్కడ పెడతాను.

వెయ్యి_గజాలు:
ఇరవై మంచి సంఖ్య. అయిదు కాల్చి అన్నిటికంటే ఎక్కువ, తక్కువ వేగాల మధ్య తేడా తక్కువొచ్చిందని సంబరపడొద్దు, కాల్చేకొద్దీ ఆ అంకె పెరుగుతుందే గానీ తగ్గదు. 600 దగ్గర టార్గెట్ మీద ఎత్తు తేడా కూడా కొలిచి పెట్టండి.