కూపన్ తగ్గింపు తరువాత కుర్తాపై జీఎస్టీ: ఏ ధర మీద, ఏ రేటున?

ప్రశ్న:
మంగళగిరి చేనేత బట్టతో కుట్టించిన కుర్తాలను మేము సొంత వెబ్‌సైటులో అమ్ముతున్నాము. పన్ను కలపని ధర 2,800 రూపాయలుగా పెట్టిన కుర్తాకు పండుగ సందర్భంగా 15 శాతం కూపన్ ఇచ్చాము. సాఫ్ట్‌వేర్ 420 రూపాయలు తగ్గించి, మిగిలిన 2,380 మీద 18 శాతం చొప్పున 428.40 రూపాయల పన్ను వేసింది. మా లెక్కలు చూసే అబ్బాయి మాత్రం పన్ను 2,800 మీదే పడాలని అంటున్నాడు. ఎవరి లెక్క సరైనదో దయచేసి తెలియజేయగలరు.

జవాబు 1:
ఇద్దరిదీ తప్పేనండీ, కాకపోతే చెరో చోట. సీజీఎస్టీ (కేంద్ర వస్తు సేవల పన్ను) చట్టం 15(3) సెక్షన్ ప్రకారం అమ్మకానికి ముందు గానీ, అమ్మేటప్పుడు గానీ ఇచ్చిన తగ్గింపును ఇన్‌వాయిస్‌లో చూపితే, అది పన్ను వేయదగిన విలువలోకి రాదు. కాబట్టి 2,380 సరైనదే. తప్పు రేటులో ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కొక్కటి 2,500 రూపాయలు మించని దుస్తులకు 5 శాతం, మించితే 18 శాతం వర్తిస్తోంది. ఈ పరిమితిని జాబితా ధరతో కాక అమ్మిన ధరతో పోల్చాలి కనుక, మీ కుర్తాపై పన్ను 119 రూపాయలే, మొత్తం బిల్లు 2,499. మీ సాఫ్ట్‌వేర్‌లో ఈ కుర్తాకు 18 శాతం రేటును ముందే కట్టిపెట్టి ఉంటారు. కూపన్ పడ్డాక రేటును మళ్లీ చూసే నియమం విడిగా రాయించుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఇప్పటికే 18 శాతం వేసి పంపిన ఆర్డర్లను ఏం చేయాలి? ఇకపై పన్ను కలిపిన ధరలే పెడితే ఈ చిక్కు తప్పుతుందా?

జవాబు 2:
పాత బిల్లులకు అదే చట్టం 34వ సెక్షన్ కింద క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే పత్రం) ఇచ్చి, ఎక్కువ తీసుకున్న మొత్తాన్ని కొన్నవారికి తిరిగి చెల్లించండి. అమ్మకం జరిగిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోగా, వార్షిక రిటర్ను అంతకన్నా ముందే వేస్తే ఆ లోగానే, ఆ క్రెడిట్ నోట్‌ను రిటర్నులో చూపాలి.

పన్ను కలిపిన ధరలు పెడితే చిక్కు తప్పదు సరికదా, ముదురుతుంది. తగ్గింపు పోను మిగిలిన ధర 2,625 దాటి 2,950 వరకు ఉంటే ఏ రేటూ కుదరదు. ఉదాహరణకు 2,808 రూపాయల్లో 18 శాతం పన్ను ఉందనుకుంటే అసలు విలువ దాదాపు 2,380 అవుతుంది, కనుక 5 శాతమే వేయాలి. 5 శాతం ఉందనుకుంటే విలువ సుమారు 2,674 అవుతుంది, కనుక 18 శాతం వేయాలి. అందుకే పన్ను కలపని ధరనే మూలంగా ఉంచడం మేలు.

జవాబు 3:
ఒక్క మాట. గిఫ్ట్ కార్డును కూపన్‌గా నమోదు చేయకండి. అది చెల్లింపే గానీ తగ్గింపు కాదు, దానివల్ల పన్ను విలువ తగ్గదు. మా దుకాణంలో ఈ పొరపాటును మా ఆడిటరు గారు పట్టుకునేసరికి మూడు నెలల రిటర్నులు వెళ్లిపోయాయి.