నెల తిరక్కుండానే 6308 బేరింగు పోతోంది, ఎక్కడ తప్పుతున్నాం?

పైడిభీమవరం_డిప్లొమా:
అన్నయ్యలందరికీ నమస్కారం. డిప్లొమా మెకానికల్ అయ్యాక ఇక్కడ ఒక ప్లాంటు మెయింటెనెన్సులో అప్రెంటిస్‌గా చేరి నాలుగు నెలలైంది. నీళ్ళ పంపు ఒకటుంది, 1450 ఆర్పీఎం, షాఫ్టుకి రెండు పక్కలా 6308 బేరింగులే (40 మి.మీ. షాఫ్టుకి వేసే బంతి బేరింగు). కప్లింగు (మోటారుని పంపుకి కలిపే జోడు) వైపుది నెల తిరక్కుండా మోత మొదలెడుతోంది. ఇప్పుడున్నది మూడోది. మోత రాగానే గ్రీజు దండిగా ఎక్కిస్తున్నాం, అయినా చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. అలైన్‌మెంటుకి (మోటారు, పంపు షాఫ్టులు ఒకే గీతలో ఉన్నాయో చూడ్డానికి) డయల్ గేజి, అదే సన్న తేడా చూపే ముల్లు పరికరం, పంపు షాఫ్టుకి కట్టి, ముల్లు మోటారు కప్లింగు అంచు మీద ఆనించి తిప్పితే పైన సున్నా, కింద ప్లస్ 0.20 మి.మీ. మోటారు నాలుగు కాళ్ళ కిందా 0.20 షిమ్ (పల్చటి రేకు) వేస్తే మైనస్ 0.20కి పోయింది. ఇదేటి? ఇంకొకటి, ఈ ఏడాది అప్రెంటిస్ కాగితాల విషయంలో ఏం చూసుకోవాలి?

బొబ్బిలి_ఫిట్టరు:
డయల్ అబద్ధం చెప్పలేదు తమ్ముడూ. అంచు మీద పైనుంచి కిందికి వచ్చే తేడా అసలు ఎత్తు తేడాకి రెట్టింపు ఉంటుంది. 0.20 వచ్చిందంటే మోటారు 0.10 మాత్రమే దిగువగా ఉంది. నువ్వు 0.20 లేపావు, 0.10 ఎక్కువైపోయింది, అందుకే మైనస్ అంతే చూపించింది. 0.10 తీసెయ్, సరిపోతుంది.

కానీ షిమ్ ముట్టుకోకముందు కాళ్ళు చూడాలి. నాలుగు బోల్టులూ బిగించి, ఒక్కొక్క కాలి పక్కన డయల్ పెట్టి ఆ ఒక్క బోల్టే వదులు చెయ్. ముల్లు 0.05 కన్నా ఎక్కువ లేచిందంటే ఆ కాలు గాల్లో ఉన్నట్టే. ముందు దానికింద సరిచేసుకోవాలి, లేకపోతే బోల్టు బిగించిన ప్రతిసారీ మోటారు ఒళ్ళు మెలితిరిగి రీడింగు మారిపోతుంది. కాలికింద మూడు నాలుగు షిమ్‌లకి మించి పేర్చొద్దు, స్ప్రింగులా ఆడతాయి. తుప్పూ పెయింటూ గీకి వెయ్యండి.

అలైన్‌మెంటు అయ్యాక డయల్ అలాగే ఉంచి పైపు ఫ్లాంజి బోల్టులు బిగించు. ముల్లు కదిలితే పైపు పంపుని లాగుతోంది. చాలాచోట్ల ఎవరూ చూడనిది ఇదే. గార్డు విప్పేముందు స్టార్టరు దగ్గర సొంత తాళం, ట్యాగు వేసి, బటన్ నొక్కి తిరగట్లేదని చూసుకోవడం మాత్రం మర్చిపోవద్దు.

నెల్లిమర్ల_మెయింటెనెన్సు:
అలైన్‌మెంటు ఒక్కటే కాదు బాబూ, తీసేసిన బేరింగుని పారెయ్యకుండా బయటి రింగు కోసి చూడండి, అదే చెప్తుంది. బంతుల మధ్య దూరంలోనే వరసగా గుంటలు ఉంటే సుత్తితో కొట్టి ఎక్కించినట్టు. నీలం రంగు తిరిగితే వేడి. లోపలి రింగు బోరు అద్దంలా మెరుస్తుంటే షాఫ్టు మీద జారి తిరుగుతోంది. ట్రాకు మీద అడ్డంగా సన్న గీతలు దగ్గరదగ్గరగా పడితే బేరింగు గుండా కరెంటు పారినట్టు, దగ్గర్లో వెల్డింగు చేసినప్పుడు ఎర్తు ఎక్కడ కట్టారో అడగండి.

గ్రీజు సంగతి. 6308 బయటి వ్యాసం 90 మి.మీ., వెడల్పు 23 మి.మీ. రెండూ గుణించి 0.005తో గుణిస్తే సుమారు 10 గ్రాములు, ఒక విడతకి అంతే. మీ గన్ను పది నొక్కులు కాగితం మీద వేసి తూచండి, ఒక్క నొక్కుకి ఎంతో తెలిసిపోతుంది. దండిగా ఎక్కిస్తే బంతులు గ్రీజుని చిలికి ఇంకా వేడెక్కుతుంది, మీకు జరుగుతున్నది అదే. ఇప్పుడున్న గ్రీజు లిథియం రకమో, పాలీయూరియా రకమో కనుక్కోండి, రెండూ కలిపితే పలచనై కారిపోవచ్చు. జూటు మిల్లుల్లో అయితే దుమ్ము గ్రీజుతో కలిసి ముద్దకట్టేస్తుంది, ముందు గ్రీజు ఎక్కించే నిప్పిలు తుడవనివాడు ఆ దుమ్మునే లోపలికి నెడతాడు.

పైడిభీమవరం_డిప్లొమా:
కోసి చూశాం అన్నయ్యా. గుంటలు లేవు, లోపలి బోరు మెరిసిపోతోంది. షాఫ్టు మీద పంచి పొట్లు (పంచితో కొట్టిన చుక్కలు) కనబడ్డాయి. మైక్రోమీటరుతో చూస్తే 39.98.

నెల్లిమర్ల_మెయింటెనెన్సు:
దొంగ దొరికాడు. 25–50 మైక్రోమీటరుని ముందు 25 మి.మీ. స్టాండర్డు ముక్కతో సున్నా చూసి, రాచెట్‌తోనే బిగించి, మూడు చోట్ల, రెండు దిక్కుల్లో మళ్ళీ కొలవండి. k6 ఫిట్టుకి (బేరింగు షాఫ్టు మీద బిగువుగా కూర్చునే కొలత) 40 షాఫ్టు 40.002 నుంచి 40.018 మధ్య ఉండాలి. 39.98 అంటే బేరింగు షాఫ్టు మీద వదులుగా కూర్చుంది. పంచి పొట్లు కొట్టి బిగువు తెస్తే ఆ కొనలు కొద్ది రోజుల్లో అణిగిపోతాయి, మళ్ళీ జారుడే. షాఫ్టుని మెటల్ పోయించి గ్రైండింగు చేయించాలి, లేదా మార్చాలి. ఎన్ని బేరింగులు మార్చినా లాభం లేదు.

కొత్తది వేసేటప్పుడు ఇండక్షన్ హీటరు మీద 110 డిగ్రీల దాకా వేడి చేసి ఎక్కించండి, 120 దాటనివ్వొద్దు, గ్యాసు మంట అసలొద్దు. చల్లగానే కొట్టాల్సి వస్తే పైపు ముక్క లోపలి రింగు మీదే ఆనాలి. రబ్బరు సీలు ఉన్న 2ఆర్‌ఎస్ అయితే 80 దాటించకూడదు. చేతి చెమటకే రింగు తుప్పు పడుతుంది, అందులో మనది సముద్రపు గాలి, వేసే నిమిషం దాకా కవరు విప్పకండి.

ఇంకో మాట: రెండు బేరింగుల్లో ఒకటి హౌసింగులో పక్కకి జరగగలగాలి. మధ్య దూరం 300 మి.మీ. అనుకుంటే, షాఫ్టు హౌసింగుకన్నా 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కినా 0.1 మి.మీ. సాగుతుంది. రెండు వైపులా మూతలు బిగదీసేస్తే ఆ సాగుడు బంతుల మీదే పడుతుంది.

రాజాం_అసిస్టెంటు:
కాగితాల సంగతి నేను చెప్తాను. 1961 అప్రెంటిస్ చట్టం కింద డిప్లొమా వాళ్ళని టెక్నీషియన్ అప్రెంటిస్ అంటారు, ఒక ఏడాది. నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకం) పోర్టల్లో నీ కాంట్రాక్టు నమోదైందో లేదో ముందు చూసుకో, అది లేకపోతే చివర్లో సర్టిఫికెట్టుకి ఇబ్బంది. 2019 సవరణలో డిప్లొమాకి అప్పట్లో కనీస స్టైపెండు నెలకి 8000 రూపాయలు పెట్టారు, అందులో సగం ప్రభుత్వ వాటా. మనకి చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్ శిక్షణ బోర్డు వర్తిస్తుంది. లాగ్‌బుక్కులో "పంపు పని చేశాం" అని రాయకు. షాఫ్టు 39.98, షిమ్ 0.10, గ్రీజు 10 గ్రాములు అని కొలతలతో రాసి ఇంజనీరు సంతకం ఆ వారమే పెట్టించుకో. ఏడాది చివర ఒకేసారి పెట్టమంటే ఎవరూ పెట్టరు.