"శవాల మీద పేలాలు" అనే మాట ఇక్కడ సరిపోతుందా?

సీతమ్మధార సభ్యురాలి ప్రశ్న:
అందరికీ నమస్కారం. బ్రిటన్‌లో ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళకి ప్రభుత్వం చూపే వసతి మీద ప్రైవేటు కంపెనీలు ఎంత వెనకేసుకుంటున్నాయో చెబుతూ వ్యాసం రాస్తున్నాను. "శవాల మీద పేలాలు ఏరుకుంటున్న కంపెనీలు" అని శీర్షిక పెట్టాను. మా అన్నయ్య చదివి, ఘాటుగా ఉంది గాని ఎక్కడో తేడా కొడుతోంది అన్నాడు. ఆ తేడా ఏమిటో ఎవరైనా చెప్పగలరా?

మద్దిలపాలెం నుంచి జవాబు:
అమ్మా, మీ అన్నయ్యగారు సరిగ్గానే పట్టుకున్నారు. పాడె వెంట పేలాలు, చిల్లర చల్లుకుంటూ వెళ్ళడం మనం చూసిందే. వాటి కోసం వంగేవాడు ఆకలితో ఉన్నవాడు. కంపెనీలకి ఆ మాట వాడితే వాళ్ళ సంపాదన పేలాలంత చిన్నదిగా కనిపిస్తుంది. క్లియర్‌స్ప్రింగ్స్ అనే వసతి కంపెనీని స్థాపించిన గ్రాహమ్ కింగ్ ఆస్తి 2025 సండే టైమ్స్ ధనికుల జాబితాలో వంద కోట్ల పౌండ్లు దాటింది.

నన్ను ఇంకా బాధపెట్టేది "శవాలు" అన్న మాట. వాళ్ళు బతికున్న మనుషులు. హోటల్ గదిలో పిల్లలతో, కేసు ఎప్పుడు తేలుతుందో తెలియని టెన్షన్‌తో కూర్చున్నారు. ఏడాది దాటితే గాని పని కోసం అనుమతి అడిగే వీలు కూడా వాళ్ళకి లేదు. భోజనం హోటల్లోనే పెడతారు గనక 2025లో చేతికిచ్చింది వారానికి పది పౌండ్లలోపే. వాళ్ళని శవాలంటే, సానుభూతితో రాసినా, నోరు నొక్కేసినట్టే.

మీ వ్యాసానికి అసలు సత్తువ ఒప్పందంలో ఉంది. 2019లో దేశాన్ని ప్రాంతాలుగా పంచి క్లియర్‌స్ప్రింగ్స్, సెర్కో, మియర్స్ అనే మూడు సంస్థలకి పదేళ్ళకి అప్పగించారు. 450 కోట్ల పౌండ్లు అవుతుందనుకున్న ఖర్చు 1,530 కోట్లకి చేరబోతోందని 2025లో అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చింది. మొదటి ఐదేళ్ళలో ఆ మూడూ కలిసి చూపించిన లాభం 38.3 కోట్ల పౌండ్లు. 2024-25లో హోటళ్ళలో ఉన్నది సుమారు మూడో వంతు మందే. ఖర్చులో నాలుగింట మూడు వంతులు మాత్రం అక్కడే. మనిషికి రోజుకింత అని లెక్కగట్టి ఇచ్చే పని ఏదైనా మన హాస్టల్ మెస్సు కాంట్రాక్టు లాంటిదే: పప్పు పలచనయ్యేకొద్దీ మిగులు చిక్కబడుతుంది. దీనికి మనకి "గుత్త" అనే మాట ఉంది కదా, "ఆశ్రయం గుత్తకిచ్చారు" అనండి.

అక్కయ్యపాలెం నుంచి:
కోపమంతా కంపెనీల మీదే ఎందుకండీ? పడవల్లో వచ్చేవాళ్ళు పెరిగారు, కోవిడ్ కాలంలో కేసులు పేరుకుపోయాయి, అద్దె ఇళ్ళు దొరకలేదు. రాత్రికి రాత్రి పడక చూపించినవాడు డబ్బు అడగడా?

మద్దిలపాలెం:
అడుగుతాడు, అడగాలి కూడా. మీరు చెప్పిన కారణాలన్నీ నిజమే. అందుకే ఆ సామెత మీద నాకింత అభ్యంతరం. పేలాలు చల్లిన చెయ్యి అందులో కనపడదు, ఏరుకున్నవాడే దోషిగా మిగులుతాడు. ఇక్కడ చల్లింది ప్రభుత్వం, సంతకం పెట్టింది ప్రభుత్వం. కేసులు ఆలస్యమయ్యేకొద్దీ బిల్లు పెరుగుతుందని తెలిసీ ఆలస్యం చేసింది కూడా ప్రభుత్వమే.

కంచరపాలెం నుంచి:
గుత్త విషయంలో చిన్న సవరణ, మాస్టారూ. మామిడితోట గుత్తకి తీసుకున్నా, చేపల చెరువు తీసుకున్నా, గుత్తదారు యజమానికి డబ్బు కడతాడు. ఇక్కడ డబ్బు ఎదురు నడుస్తోంది. "గుత్తేదారు" అంటే ఇబ్బంది లేదు. సర్కారు పనులు చేసి బిల్లు తీసుకునేవాడికి పత్రికలు ఆ మాట ఎప్పటినుంచో వాడుతున్నాయి.

ఇంకో మాట. మాది బర్మా క్యాంపు. 1960లలో రంగూన్ నుంచి ఓడల్లో వచ్చిన కుటుంబం. 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కింది, ఆ తర్వాత దుకాణాలు జాతీయం చేశారు, మావాళ్ళు ఉన్నదంతా వదిలేసి వచ్చారు. మమ్మల్ని కాందిశీకులనేవారు. ఏ దిక్కుకి పోవాలో తెలియక భయంతో పరిగెత్తేవాడని దాని అర్థం. అందులో జాలి ఉంది, చిన్నచూపు లేదు. "అక్రమ వలసదారులు" అని పత్రికలు రాసినప్పుడల్లా నాకు చివుక్కుమంటుంది. దరఖాస్తు పెట్టుకుని తీర్పు కోసం ఎదురుచూసేవాడు ఆశ్రయం కోరినవాడే.

మద్దిలపాలెం:
సవరణ ఒప్పుకున్నాను బాబూ, గుత్తేదారే సరి.

సీతమ్మధార:
చాలా సంతోషం. అమెరికా సంగతి కూడా రాస్తున్నాను. టకోమాలో జియో (GEO) గ్రూప్ అనే ప్రైవేటు జైళ్ళ కంపెనీ నడిపే వలసదారుల నిర్బంధ కేంద్రంలో వంటా, శుభ్రం చేసే పనికి అక్కడున్నవాళ్ళకే రోజుకి ఒక్క డాలర్ ఇచ్చేవారు. బాకీపడ్డ కూలి కింద 1.73 కోట్ల డాలర్లు కట్టాలని 2021లో జ్యూరీ చెప్పింది. దీన్ని వెట్టి అనొచ్చా?

మద్దిలపాలెం:
కాగితం మీద అది ఇష్టపూర్వకంగా చేసే పని. తాళం వేసిన చోట ఇష్టం ఎంతో మీకూ తెలుసు. "వెట్టిలాంటి పని" అని రాసి, పక్కనే ఆ ఒక్క డాలర్ అంకె వేయండి.

సీతమ్మధార:
శీర్షిక మార్చాను: "ఆశ్రయం కోరినవాళ్ళు, సొమ్ము చేసుకున్న గుత్తేదారులు, సంతకం పెట్టిన సర్కారు". కాస్త పొడుగైనా ముగ్గురూ ఉన్నారు.