అప్‌డేట్: ఆఫీసు యోగా, ఆరు వారాల తర్వాత

ఆఫీసులో పెట్టిన యోగా తరగతితో ఒత్తిడి నిజంగా తగ్గుతుందా, లేక అదీ ఒక మొక్కుబడి తంతేనా అని అడిగింది నేనే. ఆరు వారాలు చేశాను. మెడ, భుజాల పట్టు సడలింది. కుర్చీలోనే నిటారుగా కూర్చుని, నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం నాకు అన్నిటికన్నా పనికొచ్చింది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడమే నిదానంగా సాగాలి. నిన్న కోపంతో రాసిన ఈమెయిల్ పంపబోతూ ఆగి, ఐదుసార్లు అలా చేశాను. మళ్లీ చదివితే నాకే సిగ్గేసి సగం వాక్యాలు కొట్టేశాను. (శవాసనంలో గురక పెట్టిన సహోద్యోగి సంగతి వేరే!) పనిభారం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. పైగా తరగతి భోజన విరామంలోనే. పనివేళల్లోకి మార్చమని అడిగాం, ఇంకా జవాబు లేదు.