అశోకుడు మరణశిక్షని ఎందుకు తీసెయ్యలేదు? తెలిసినవాళ్ళు చెప్పండి

వైజాగ్ నుంచి అడుగుతున్నాను. మా అమ్మాయికి వచ్చే వారం కాలేజీలో మరణశిక్ష మీద డిబేట్ ఉంది, తనది వద్దనే పక్షం. ఇక్కడి తొట్లకొండ, బావికొండ బౌద్ధ ఆరామాలు చూస్తూ పెరిగిన పిల్ల కదా, అశోకుడి పేరెత్తితే చాలు గెలిచేస్తానంటోంది. కళింగలో లక్షమంది చనిపోయారనీ లక్షా యాభై వేలమందిని చెరపట్టి తీసుకుపోయారనీ 13వ శిలాశాసనంలో ఆయనే చెప్పుకుని బాధపడ్డాడు, అంతవరకు బాగానే ఉంది. కానీ 4వ స్తంభశాసనం చూస్తే మరణశిక్ష పడ్డవాళ్ళకి 3 రోజుల గడువిచ్చాడంతే, ఆలోగా బంధువులు ప్రాణభిక్ష కోసం ప్రయత్నించొచ్చు, లేదంటే పరలోకం కోసం దానాలో ఉపవాసాలో చేసుకోవచ్చు. శిక్ష మాత్రం అలాగే ఉంచాడు! అవతలివాళ్ళు ఇది పట్టుకుంటే ఏం చెప్పాలి?

బుద్ధుడి కాలంనాటి బందిపోటు అంగుళిమాలుడి కథ వాడమన్నాను. అన్ని హత్యలు చేసినవాడు భిక్షువయ్యాడని ప్రసేనజిత్తు రాజు వదిలేశాడు. తర్వాత భిక్షకి వెళ్తే రాళ్ళు తగిలి వాడి తల పగిలింది, ఓర్చుకో, నరకంలో అనుభవించాల్సింది ఇక్కడే తీరుతోంది అన్నాడు బుద్ధుడు. సరే, మరి చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళ సంగతేంటి? నాకు అదే మింగుడుపడట్లేదు.

బౌద్ధం చదివినవాళ్ళు, లా చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా రాయండి, హింస తప్పు అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకుండా.