ఉగాది ప్రోగ్రాం ఆడియో: తప్పెటగుళ్ళ ప్రాజెక్టు తెరవగానే పడిపోతోంది

స్టేజ్, డాలస్:
విశాఖ నుంచి పంపిన తప్పెటగుళ్ళ ప్రాజెక్టు ఇక్కడి విండోస్ లాప్‌టాప్‌లో తెరుచుకోవట్లేదు. సగం లోడయ్యాక రీపర్ (ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) చప్పున మాయమైపోతోంది, ఎర్రర్ ముక్క కూడా చూపించదు. థింసా ప్రాజెక్టు మాత్రం బాగానే ఉంది. రీపర్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యమంటారా? బుధవారం రాత్రికల్లా ట్రాకులన్నీ హాలు సౌండ్ వాళ్ళకి ఇచ్చెయ్యాలి.

ఆడియో, సీతమ్మధార:
వద్దక్కా, రీఇన్‌స్టాల్ జోలికి పోకండి. ఒక ప్రాజెక్టు తెరుచుకుని ఇంకోటి పడిపోతోందంటే తప్పు రీపర్‌ది కాదు, ఆ రెండోదాంట్లో ఉన్న ప్లగిన్‌ది, అంటే రీపర్‌కి తగిలించుకునే చిన్న ఎఫెక్ట్ ప్రోగ్రాంది. రీపర్ తీసేసినా ప్లగిన్ తన ఫోల్డర్లో తను కూర్చునే ఉంటుంది. మళ్ళీ అదే కథ.

ముందు ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తప్పులు రాసుకునే చోటు) తెరవండి. విండోస్ లాగ్స్, దాని కింద అప్లికేషన్. క్రాష్ అయిన నిమిషానికి ఎర్రగుర్తుతో 1000 నంబరు ఎంట్రీ ఒకటి ఉంటుంది. అందులో 'ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్' అన్న వరుసలో ఏ ఫైలు పేరుందో ఇక్కడ పెట్టండి. ప్లగిన్ పేరే కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఎన్‌టీడీఎల్‌ఎల్ (విండోస్ సొంత ఫైలు) అనో రీపర్ అనో ఉంటే మాత్రం నమ్మకండి. అది పడిపోయిన చోటు మాత్రమే, తోసినవాడు వేరే ఉండొచ్చు. ప్లగిన్ ఎప్పుడో మెమరీని పాడుచేసి వెళ్తే, కాసేపయ్యాక దాని మీద కాలేసింది విండోస్ అవుతుంది.

స్టేజ్, డాలస్:
ఎన్‌టీడీఎల్‌ఎల్ అనే ఉంది. రెండుసార్లు చూశాను, రెండుసార్లూ అదే.

ఆడియో, సీతమ్మధార:
అయితే సగాల లెక్కే. ఫైల్ మెనూలో ఓపెన్ ప్రాజెక్ట్ నొక్కండి. ఆ కిటికీ అడుగున 'ఓపెన్ విత్ ఎఫ్‌ఎక్స్ ఆఫ్‌లైన్, రికవరీ మోడ్' అని టిక్ పెట్టె ఉంటుంది. టిక్ పెట్టి తెరిస్తే ఎఫెక్టులేవీ లోడవ్వవు, ప్రాజెక్టు నిలబడుతుంది. వెంటనే వేరే పేరుతో సేవ్ చెయ్యండి, అసలు ఫైలు ముట్టుకోవద్దు.

ఆ ప్రాజెక్టులో మొత్తం 22 ఎఫెక్టులున్నాయి. 11 ఆన్‌లైన్‌లోకి తెచ్చి ప్లే చెయ్యండి. పడిపోతే దొంగ ఆ 11లో ఉంది, పడకపోతే మిగతా 11లో. ఆపైన ఆరు, మూడు, రెండు, ఒకటి. అయిదుసార్లలో తేలిపోతుంది. ఒక్కొక్కటిగా వెతికితే తెల్లారిపోతుంది.

ఒక మెలిక ఉంది. కొన్ని ప్లగిన్లు మోగుతున్నంతసేపూ బుద్ధిగా ఉండి, వాటి కిటికీ తెరిచినప్పుడే పడిపోతాయి. అది గ్రాఫిక్స్ గొడవ. ఎఫెక్ట్ కిటికీలో యూఐ అనే బటన్ నొక్కితే బొమ్మలు పోయి మామూలు స్లయిడర్లు వస్తాయి. అలా వాడినప్పుడు నిలబడితే ప్లగిన్ని తిట్టేముందు డిస్‌ప్లే డ్రైవర్ అప్‌డేట్ చేసుకోండి.

స్టేజ్, డాలస్:
దొరికింది. వ్యాఖ్యానం ట్రాక్ మీద ఉన్న నాయిస్ తగ్గించే ప్లగిన్. ఇక్కడ ఉన్నది పాత వెర్షన్, మీ దగ్గర కొత్తది.

ఆడియో, సీతమ్మధార:
అదే సంగతి. కొత్త వెర్షన్ రాసుకున్న సెట్టింగుల్ని పాతది చదవబోయి తడబడింది. ఇలాంటప్పుడు ప్లగిన్ ఫైల్ని కామన్ ఫైల్స్ కింద ప్లగిన్లు ఉండే వీఎస్‌టీ3 ఫోల్డర్ నుంచి డెస్క్‌టాప్ మీదికి జరపండి, చెరిపెయ్యకండి. ప్రిఫరెన్సెస్‌లో ప్లగిన్స్, వీఎస్‌టీ దగ్గర కాష్ (రీపర్ గుర్తుపెట్టుకున్న ప్లగిన్ల జాబితా) తుడిచి రీస్కాన్ కొట్టండి. ఈసారి తెరిస్తే ఆ ఎఫెక్ట్ లేదని జాబితా చూపిస్తుంది, అంతే, పడిపోదు.

ఆపైన కొత్త వెర్షన్ వేసుకున్నాక కూడా అప్పుడప్పుడూ పడిపోతుంటే, ఎఫ్‌ఎక్స్ జాబితాలో దాని మీద రైట్ క్లిక్ కొట్టి 'రన్ యాజ్, డెడికేటెడ్ ప్రాసెస్' పెట్టండి. ఆ తర్వాత పడ్డా అదొక్కటే పడుతుంది, రీపర్ ఉంటుంది. ప్రాసెసర్ మీద కాస్త భారం పడుతుంది కనుక అన్నిటికీ పెట్టకండి.

వ్యాఖ్యానం, ఆస్టిన్:
నాది మ్యాక్, ఎం1 చిప్‌ది. ఆడాసిటీలో (నేను వాడే ఆడియో ఎడిటర్) ఆ ప్లగిన్ అసలు కనిపించనే కనిపించదు. క్రాష్ లేదు, ఏమీ లేదు.

ఆడియో, సీతమ్మధార:
అది ఇంటెల్ కాలపు ప్లగిన్ అయ్యుంటుంది. ఎం1 కోసం చేసిన ప్రోగ్రాం దాన్ని లోపలికి రానివ్వదు. ఫైండర్‌లో ఆడాసిటీ మీద గెట్ ఇన్ఫో తెరిచి 'ఓపెన్ యూజింగ్ రొసెట్టా' (ఇంటెల్ ప్రోగ్రాంలని నడిపే సదుపాయం) టిక్ పెడితే కనిపించొచ్చు. కానీ తమ్ముడూ, మీ పని వ్యాఖ్యానం ముక్కలు కత్తిరించడమే కదా, దానికి ప్లగిన్ దేనికి? ఇంకోమాట, .ఏయూపీ3 ఫైల్ని (ఆడాసిటీ ప్రాజెక్టు) క్లౌడ్ ఫోల్డర్లో పెట్టి ఎడిట్ చెయ్యకండి. అది లోపల ఒక డేటాబేస్. పక్కన డబ్ల్యూఏఎల్ అని ఇంకో ఫైలు కనిపిస్తే చెత్త అనుకుని తీసెయ్యొద్దు, ఇంకా కలవని మీ ఎడిట్లు అందులోనే ఉంటాయి.

రికార్డింగ్, ఎంవీపీ కాలనీ:
ఒక్క సందేహం. డాలస్‌లో ఎవరో వ్యాఖ్యానం మీద 60 హెర్ట్జ్ దగ్గర ఫిల్టర్ పెట్టి "హమ్ (కరెంటు గుయ్‌మనే చప్పుడు) పోవట్లేదు" అంటున్నారట. అది ఇక్కడ రికార్డ్ చేసింది బాబూ, ఇక్కడి కరెంటు 50 హెర్ట్జ్. 50, 100, 150 దగ్గర సన్నగా కొయ్యండి. బీచ్ దగ్గర తీసిన ముక్కల్లో గాలి ఊపు ఉంది, దానికి 90 దగ్గర హైపాస్ (అంతకంటే కింది శబ్దాల్ని కోసే ఫిల్టర్) చాలు. నాయిస్ ప్లగిన్ మాత్రం తప్పెట ట్రాకుల మీద పెట్టొద్దు. గజ్జెల చప్పుడుని అది నాయిస్ అనుకుని గీకేస్తుంది, గజ్జెల్లేని తప్పెటగుళ్ళు ఏటి బాగుంటాయి చెప్పండి.

ఆడియో, సీతమ్మధార:
నా మాట ఏంటంటే, ఇకమీదట డాలస్‌కి ప్రాజెక్టులు పంపొద్దు. స్టేజ్ లాప్‌టాప్‌లో ఒక్క ప్లగిన్ కూడా ఉండకూడదు. ఇక్కడే ట్రాకుల్ని ఫ్రీజ్ చేసి (ఎఫెక్టులు అందులోనే కలిపేసి), రెండర్ చేసి (మామూలు ఆడియోగా తీసి) వేవ్ ఫైళ్ళు పెడతాం. 48,000 హెర్ట్జ్, 24 బిట్, స్టీరియో. నిమిషానికి సుమారు 17 ఎంబీ, ఆరు నిమిషాల తప్పెటగుళ్ళు 104 ఎంబీ అవుతుంది. వాట్సాప్‌లో పాటలా కాకుండా డ్రైవ్ లింకుతో.

రెండర్ మధ్యలో పడిపోతే ఫుల్ స్పీడ్ ఆఫ్‌లైన్ బదులు 1ఎక్స్ ఆఫ్‌లైన్ పెట్టండి. వేగం పెరిగితే తట్టుకోలేని ప్లగిన్లున్నాయి.

ఫైలు దిగాక పాట నిడివి సరిచూడండి. ఇక్కడ 5:00 ఉన్నది హాల్లో 5:27 అయితే, 48,000 ఫైల్ని ఎవరో 44,100గా ఆడిస్తున్నారు. శ్రుతి కూడా దాదాపు ఒకటిన్నర స్వరస్థానం దిగిపోతుంది, పిల్లలు అడుగు తప్పుతారు.

స్టేజ్, డాలస్:
సరే. మంగళవారం మీ రాత్రి 8 గంటలకి కాల్ పెడతాను, అంటే మాకు ఉదయం 9:30. మార్చి రెండో ఆదివారం మా గడియారాలు మారాయి, తేడా ఇప్పుడు 11:30 కాదు, 10:30. ఆలోపు థింసా, వ్యాఖ్యానం రెండూ ఎక్కించెయ్యండి. తప్పెటగుళ్ళ ఫైలు కాల్‌లోనే దింపి, హాలు స్పీకర్లలా మోనో చేసి వింటాను.